అక్క కలిపిన కొసరు

మా ధర్మవరంలో నీళ్లు చూసి చూసి వాడుకోవడం పుట్టినప్పటి నుంచీ అలవాటే. కానీ ఇంట్లో బిందె నిండుగా ఉన్నా తాగవద్దని ఒక మనిషి చెప్పడం నాకు నలభై దాటాకే ఎదురైంది. ఆ మనిషి కిడ్నీల డాక్టరు. నా రెండు కిడ్నీలూ పని మానేశాయి. పట్టుచీరల కొట్టు ఇంటావిడకు అప్పగించి, రోజు విడిచి రోజు అనంతపురం పోయి, డయాలసిస్ మిషను కింద పడుకుని వచ్చేవాణ్ణి. ఇలా ఎక్కువకాలం సాగదని, ఇంట్లో ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే బతుకుతావని డాక్టరు తేల్చేశాడు.

ఇంటావిడ ముందుకొచ్చింది గానీ రక్తం గ్రూపు కుదరలేదు. మిగిలింది మా అక్క. బావతో కలిసి మగ్గం నేస్తుంది. "నాది తీసుకోరా, ఆడ ఊరికే పడుండాది" అంది, పక్కింటికి రుబ్బురోలు ఇస్తున్నంత తేలిగ్గా. ఆమెది ఎవరికైనా సరిపోయే గ్రూపని తెలిసి నేను సగం బతికినంత సంబరపడ్డాను.

మా డాక్టరుకు ఒక పిచ్చి ఉండేది. ఈ ఎండునేలలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పరిశోధన చేస్తున్నాడు. ఏ నీళ్లు తాగుతారు, ఎన్ని తాగుతారు, నడుము నొప్పికి ఏం మింగుతారు అని వచ్చినవాళ్లందరినీ పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడిగేవాడు. అక్కనూ అడిగాడు.

"మగ్గం గుంతలో కూచున్నాక నీళ్లెవరు తాగుతారు సార్? మాటిమాటికీ లేచి పోతాంటే చీర ఎప్పుడు ముగిసి తెగల్ల?" అని అక్క ఆయన్నే ఎదురడిగింది. ఆయన తెగ ముచ్చటపడి రాసుకున్నాడు.

తర్వాత ఆమెకొక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా అందులో పట్టి తేవాలి. చెప్పిన రోజున అక్క దాన్ని మా కొట్టు సంచిలో పెట్టి, పైన ఉతికిన టవలు కప్పి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూచుంది. పక్క సీటు పెద్దమ్మ వంగి చూసి, "ఏమమ్మా, నెయ్యా? కిలో ఎంత?" అంది. "ఇది అమ్మేది కాదులేమ్మా" అంది అక్క, మొహంలో నవ్వన్నది లేకుండా.

ఫలితం కోసం ఇద్దరం మళ్లీ పోయాం. డాక్టరు కాగితం మా ముందు పెట్టాడు. అక్క మూత్రంలో ప్రోటీను చాలా పోతోందట. ఆమె కిడ్నీలే బాగాలేవు, ఇంకొకరికి ఎలా ఇస్తుంది, నేను ఒప్పుకోను అన్నాడు. ఇంకేముంది, అయిపోయింది నా పని అనుకున్నాను. బస్సు రాప్తాడు దాటుతుంటే కిటికీ వైపు తిరిగి ఏడ్చాను కూడా. చావంటే భయమేసింది, అంతే.

అక్క నా మోచెయ్యి గిల్లింది.

"ఒరే, ఒగ మాట చెప్తా. అరవొద్దు."

"చెప్పు."

"ఆ డబ్బాలో ఉండేది నాదొక్కటే కాదు. మీ బావది గూడా కొంచెం పోసినా."

నేను కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాను.

"నాది అడుగున రవ్వంత ఉండాది. వాళ్లేమో అంత పెద్ద డబ్బా ఇచ్చి పంపిరి. వెలితిగా ఎట్ల తీసకపోయిచ్చేది? నాయన ఎప్పుడన్నా ఎవురికన్నా తక్కువ కొలిచినాడా?"

నిజమే. మా నాయన కొట్లో గుడ్డ కొలిచాక బెత్తెడు కొసరు వేయనిదే కత్తెర ముట్టేవాడు కాదు. ఆ మర్యాద ఇలా కూడా బయటపడుతుందని ఎవరనుకున్నారు? "నీ కొసరు మన్నుగాను" అని బస్సదిరేలా అరిచాను. కండక్టరు తిరిగి చూశాడు. నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. తర్వాతి స్టాపులో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి పోయాం.

డాక్టరు తల పట్టుకుని నవ్వాడు. ఇంకో డబ్బా ఇప్పించి, "ఈసారి మీది మాత్రమేనమ్మా, చుక్కయినా చాలు" అన్నాడు. అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆ ప్రోటీను మీ ఆయనది. ఆయన్ను రేపే తీసుకురండి" అన్నాడు.

అక్క పరీక్ష ఈసారి శుభ్రంగా వచ్చింది. బావది అలా రాలేదు. పైకి ఏమీ తెలియని బీపీ, దాని మీద నడుము నొప్పికి ఏళ్ల తరబడి మింగిన మాత్రలు. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. ఇప్పుడైనా తెలిసింది కాబట్టి మందులతో నిలబెట్టవచ్చు, ఎన్నాళ్లో మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు.

ముగ్గురం బయట బెంచీ మీద కూచున్నాం. అక్క దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే. ఆ మాట ఎత్తాల్సింది నేనే అనిపించింది.

"అక్కా, నాకొద్దులే. బావకు అట్టిపెట్టు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "రెండుండాయి కదా. నీకొకటి, ఆయనకొకటి ఇచ్చి నా దావన నేను పోతానంటే ఆ సారు ఒప్పుకుంటాడేమో కనుక్కోని రా పో" అంది. తమాషాకు అనలేదు.

"నువ్వుండు" అన్నాడు బావ ఆమెతో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమప్పా, నాకు ఎప్పుడో కావాల, నీకు ఇప్పుడు కావాల. ఎప్పుడో దానికోసం నిన్నిప్పుడు మన్నులో పెట్టుకుందుమా? తీసుకో."

తీసుకున్నాను. బతికాను. ఇప్పుడు కావలసినన్ని నీళ్లు తాగుతున్నాను, కొట్లో కూచుని బేరాలాడుతున్నాను, అక్క చేత తిట్లు తింటున్నాను.

బావ రక్త పరీక్షకు పోయినప్పుడల్లా నేనూ వెంట పోతాను. "నీకెందుకప్పా ఈ తిప్పలు, కొట్టు చూసుకోపో" అంటాడు. నేను పోను. డాక్టరు ఆయన కాగితం చదివినంతసేపూ నా చెయ్యి పొట్ట కుడిపక్కన, అక్క కిడ్నీ అతికించిన చోటే ఉంటుంది. అక్కడున్నది బావ కోసం ఉండాల్సింది.