ఫ్యాన్ కింది మంచం కోసం ఎక్కిన గుట్ట

ఆ రోజుల్లో మేము మాటంటే మాటే అన్నట్లుండేవాళ్ళమని మా తరంవారు చెప్పుకుంటూ ఉంటారు. నేనూ చాలాసార్లు చెప్పాను. అందుకే ఈ సంగతి రాయక తప్పడం లేదు. మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మా ఇంటి ముందు, కొత్తగా గేర్ల సైకిలు కొనుక్కున్న మనుమరాలు తన స్నేహితులతో, "మా తాత వికారాబాద్ దిక్కు గుట్టను ఒక్కసారి గూడ దిగకుంట తొక్కిండు, తెలుసా?" అంటుండగా విన్నాను. ఆ అబద్ధాన్ని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. అది ఇంకా దూరం పాకకముందే సవరించడం నా విధి.

అశోక్‌నగర్‌లో ఒక మేడమీది గదిలో నేనూ, వికారాబాద్ సమీపంలోని పల్లె నుంచి వచ్చిన మరో యువకుడూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతుండేవాళ్ళం. అతణ్ణి అందరూ 'పొడుగన్న' అనేవారు. నన్ను 'పంతులు' అనేవారు (ఈ బిరుదు నా చదువును చూసి ఇచ్చినది కాదు, నిద్రలేచే వేళ మొదలు పళ్ళు తోముకునే వ్యవధి దాకా నేను గోడకు అంటించిన పట్టికను చూసి ఇచ్చినది). గదిలో మంచాలు రెండు, ఫ్యాన్ ఒకటి. ఎండలు ముదిరేకొద్దీ ఫ్యాన్ కింది మంచం ఎవరిదన్న వివాదమూ ముదిరింది. చివరికి పొడుగన్న ఊరికి సైకిళ్ళమీద పోదామనీ, ఊరి ముందరి గుట్టను సైకిలు దిగకుండా ముందుగా ఎక్కినవాడికి పరీక్షలయ్యేదాకా ఆ మంచం చెందుతుందనీ పందెం వేసుకున్నాం. నేను దానిని ఆరు నిబంధనల ఒప్పందంగా రాసి ఇద్దరి సంతకాలూ తీసుకున్నాను. రెండవ నిబంధన: 'మరే వాహనపు సాయమూ పొందరాదు.'

నారాయణగూడలో సైకిళ్ళు కిరాయికిచ్చే చాచా మా గమ్యం విని నుదురు కొట్టుకున్నాడు. "గంట కిరాయి సైకిల్ మీద జిల్లా దాటుతరా? బ్రేకులైతే ఉన్నయి బేటా, నమ్మకుండ్రి!" తెల్లవారుతుండగానే బయలుదేరాం. చేవెళ్ళ దాటేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఎర్రమట్టి చేలూ, టమాటా తోటలూ, ఒక ఎత్తు దిగగానే ఎదురయ్యే మరో ఎత్తూ. (నేను దూరాన్ని గదిలోని బడిపిల్లల పటంమీద స్కేలుతో కొలిచాను. ఆ పటంలో ఎత్తులు లేవు.) ఒక తోటలో టమాటాలు ఏరుతున్న అవ్వ మమ్మల్ని చూసి కేకేసింది.

"ఓ బిడ్డా, గీ ఎండల సచ్చిపోతరు! జర ఆగి అంబలి తాగి పోండ్రి!"

పొడుగన్న ఆగి రెండు చెంబులు తాగాడు. నేను వాచీ చూసి, "విరామానికి ఇంకా పదకొండు నిమిషాలున్నాయి, వద్దండీ" అన్నాను.

"గీయనకేమైందయ్యా? దూపకు గూడ గడియారముంటదా?" అని ఆమె నోరు నొక్కుకుంది.

ఆ విధంగా నేను ముందుపడ్డాను. గుట్ట మొదటి మలుపు తొక్కాను. రెండవ మలుపులో కళ్ళు తిరిగి లోకం పచ్చగా కనిపించింది. నేను సైకిలు దిగలేదు, పడిపోయాను. పడడం దిగడం కిందికి వస్తుందా అన్న విషయాన్ని రోడ్డు పక్కన వెల్లకిలా పడుకొనే ఆలోచిస్తుండగా, సంతలో టమాటాలు దించి ఖాళీ గంపలతో తిరిగివస్తున్న ట్రాక్టర్ ఒకటి ఆగింది. ఎర్ర తువ్వాలు చుట్టుకున్న డ్రైవర్ వంగి చూశాడు.

"ఏం సారూ, పానముందా?"

"విశ్రాంతి తీసుకుంటున్నాను."

"మంచిగుంది. ఏడికి పోవాలె?"

"పైదాకా" అన్నాను. ఊరి పేరు చెబితే సాక్ష్యం మిగులుతుందని నా భయం. నన్నూ సైకిలునూ గంపల మధ్య సర్ది గుట్టమీద దించాడు. ఎవరికీ చెప్పవద్దన్నాను. "నాకేం పని సారూ" అని వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి పొడుగన్న, సీటుమీంచి లేచి నిలబడి, పాములా వంకరలు తిరుగుతూ, కాలు కింద పెట్టకుండా పైకి వచ్చాడు. "పంతులూ! దిగకుంటనే ఎక్కినవా?"

"ఎక్కాను."

ఒక్క క్షణం అతని ముఖం చిన్నబోయింది. వెంటనే నా వీపు చరిచి, "మంచం నీదే పో!" అన్నాడు.

వాళ్ళింట అతని తల్లి జొన్నరొట్టెలు వడ్డిస్తూ, "బక్కగున్నా గట్టోడే పిల్లగాడు" అని మెచ్చుకుంటుండగా, గడపలోంచి ఎర్ర తువ్వాలు లోపలికి వచ్చింది. పల్లెలో దారినపోయే ట్రాక్టర్‌కు కూడా చుట్టరికం ఉంటుందని ఏ పోటీ పరీక్షల పుస్తకంలోనూ రాయలేదు. అతడు పొడుగన్నకు స్వయానా మేనమామ. పాపం, మాట తప్పాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. నన్ను చూసి జాలిపడ్డాడు, అంతే. "అక్కా, సారుకు ఇంకో రొట్టెయ్యి. గంపల నడుమ ఎగిరెగిరి ఒళ్ళు హూనమైంది."

"ఏం గంపలు?" అన్నదామె. నేను రొట్టెను మరీ చిన్న ముక్కలుగా తుంచసాగాను. పొడుగన్నకు విషయం అర్థమై, నవ్వు ఆపుకోలేక పొలమారింది. నీళ్ళు తాగి, "పోనీతీ పంతులూ, నువ్వే పండుకో. నాకు ఉడుకు అలవాటే" అన్నాడు.

నేను ససేమిరా అన్నాను. ఒప్పందం ఒప్పందమే! ఆ వేసవి అంతా తలుపు దగ్గరి మంచంమీద చెమటలు కక్కుతూ చదివాను. "అరే, జర ఇటు జరుగు, గాలొస్తది" అని అతడు రోజూ పిలిచేవాడు. "ఐదవ నిబంధన చూడు, ఓడినవాడు ఫ్యాన్ కిందికి జరగరాదు" అని నేను రోజూ జవాబిచ్చేవాణ్ణి. ట్రాక్టర్ ఎదురైనప్పుడు ఒక్క నిబంధనా గుర్తురాని ఆ కుర్రవాడికి, స్నేహితుడు చోటిస్తానన్నప్పుడు మాత్రం ఆరూ కంఠతా వచ్చాయి. ఇప్పుడు కనబడితే వాణ్ణి మందలించను. మంచం ఇటు జరుపుకో నాయనా, అంటాను.

మనుమరాలికి నిజం చెప్పాను. ఇక పాఠకులకు ఒక మనవి. ఆ గుట్టకు మలుపులు మూడని నా జ్ఞాపకం, పొడుగన్న నాలుగంటాడు. రెండవ మలుపు తరువాత నాకు గంపలే తప్ప దారి కనబడలేదు కనుక, దానిని స్వయంగా తొక్కి ఎక్కినవారెవరైనా ఉంటే నా తప్పు దిద్దవలసిందిగా ప్రార్థన.