దణ్ణం పెట్టని పూట

తుఫాను తీరం దాటిన మర్నాడు, పొద్దున ఆరూ పదికి జాలరిపేటలో దిగాం. ఎనిమిది మందిమి. ఒక ట్రక్కు, రెండు రంపాలు, ఒక వైర్‌లెస్ సెట్టు. గాలి తగ్గింది గానీ వాన వదల్లేదు. కరెంటు లేదు. ముందు సాయంత్రం ఆరులోపు రోడ్డు మీద పడ్డ చెట్లన్నీ తీసెయ్యాలి, తర్వాత ఊళ్లోవి, అదీ ఆర్డరు. మా ఊరు పద్మనాభం అక్కడికి గంట దూరం. ఫౌజులో పన్నెండేళ్లు ఎక్కడెక్కడో తిప్పి, చివరికి సొంతూరి గుమ్మంలో డ్యూటీ వేశారు.

మకాం బడిలో. మాకు వండిపెట్టింది బడి పక్కింటి పోలమ్మ. హెచ్చరిక రాకముందే చేపల వేటకెళ్లిన ఆవిడ మొగుడు అప్పలరాజు ఇంకా తిరిగి రాలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని తనే వచ్చి పొయ్యి రాజేసింది. ఆ ఎండు చేపల పులుసు రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మా హవల్దారుది చిత్తూరు. బంగారం లాంటి మనిషి, ఒక్కటే చాదస్తం. పళ్లెం చేతికొచ్చాక అందరం కళ్లు మూసుకుని మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. ఆయన కళ్లు తెరిచేదాకా ముద్ద ముట్టకూడదు. నేనేమో వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. బురదలో మా నాన్న నడుం విరగడం కళ్లారా చూశాను. పైగా ఆకలేస్తే నా నోరు ఆగదు.

"పండించింది మా నాన్న, వండింది ఈ అప్ప. మద్దెన దేవుడేటి సేసినాడు సార్?" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

"నోరూ కళ్లూ రెండూ మూసుకోరా" అన్నాడు హవల్దారు.

నేను పంతం కొద్దీ పోలమ్మ వైపు తిరిగి "థాంక్స్ అప్పా" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"థాంక్స్ ఏటి బాబూ? నానేటి పరాయిదాన్నా? ఇంకో గరిటె ఏసుకో."

అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చాను. మా అమ్మకి ఏనాడైనా ఆ మాట చెప్పానా?

"నువ్వు తిన్నావా అప్పా?"

"ఆడొచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

మూడు రోజులు టీ నీళ్లతోనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై. పళ్లేలు పట్టుకుని కళ్లు మూసుకోబోతున్నాం. సెట్టు గరగరలాడింది.

"అప్పలరాజు పడవ దొరికింది. హార్బర్‌కి లాక్కొచ్చారు. పడవలో ఉన్న నలుగురూ బతికే ఉన్నారు. ఓవర్."

పోలమ్మ గరిటె కింద పెట్టి కూర్చుంది. ఆవిణ్ణి హార్బర్‌కి తీసుకెళ్లడానికి డ్రైవరు ట్రక్కు దగ్గరికి పరిగెత్తాడు. హవల్దారు తన పళ్లెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చెయ్యి కడుక్కోలేదు. కళ్లు మూసుకోలేదు. దేవుడి పేరు తలవలేదు. ముద్ద మీద ముద్ద, ఏడుస్తూనే మింగింది. హవల్దారు గరిటె పట్టుకుని పక్కనే నిలబడి, ఖాళీ అయినప్పుడల్లా వడ్డించాడు. ఆ పూట మాలో ఎవరికీ దణ్ణం గుర్తు చెయ్యలేదు.

పదో రోజు వెనక్కి వచ్చేశాం. ఇప్పుడు నేను ఫౌజు వదిలి పద్మనాభం చేరి ఆరేళ్లయింది. మా అమ్మాయికి బళ్లో భోజనం ముందు ప్రార్థన నేర్పారు. ఇంట్లోనూ మాచేత చెప్పిస్తుంది. "నానా, కళ్లు ముయ్యి" అంటుంది. వాదించడం మానేశాను. మూస్తాను. దేవుడు మాత్రం కనబడడు. నోటి నిండా అన్నం పెట్టుకుని ఏడుస్తున్న పోలమ్మ కనబడుతుంది.