భావనపాడు ఎర్రమ్మను చూడడానికి వెళ్ళిన రోజు

రెండేళ్ళుగా నన్ను రోజూ "తిన్నావా" అని అడిగే మనిషి ఒక్కతే ఉంది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. పేరు ఎర్రమ్మ, ఊరు భావనపాడు, సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నాకు నలభై ఆరేళ్ళు. విజయనగరంలో ఒక ప్రింటింగ్ షాపులో టైపింగ్ చేస్తూ, ఒక ఇంటి వెనక వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఫేస్‌బుక్‌లో వంటల గ్రూపులో, ఇసుక లేని ఎండు నెత్తళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఎవరో ఆమె నంబరిచ్చారు. మొదటి పొట్లం అందిన మర్నాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు వినబడేది. "ఒసే సెల్లీ, తిన్నావేటే? ఏటి కూరొండినావు?" నేను ఐదేసి నిమిషాలు జవాబు చెప్పేదాన్ని. ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి నావాళ్ళెవరూ లేక ఇంటి ఓనరుగారిని బతిమాలుకున్న సంగతి కూడా ఆమెకే చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. నా మాటలకు ఆమె దగ్గర్నుంచి తిరుగు జవాబు రాకపోతే, పాపం పనిలో ఉందనుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ ఆ పిలుపు వచ్చేది కదా, నాకది చాలు. అయినా నాకంటూ ఒక మనిషి నిజంగా ఉందో లేదో కళ్ళతో చూసి తేల్చుకోవాలనిపించి, ఒక ఆదివారం బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్న ఆరు దాటాక పలాస వైపు వెళ్ళే పాసింజరెక్కాను. టిక్కెట్టు ముప్పై రూపాయల పైచిల్లర, కిటికీ పక్క సీటు దొరికింది. నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. ఎనిమిదిన్నర దాటాక కోటబొమ్మాళిలో దిగి, రోడ్డు మీదికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను. అక్కడే తెలిసింది, నేను తెలివితక్కువగా ముందే దిగిపోయానని. ఆటో డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "నౌపడాలో దిగితే దగ్గరైపోను కదండీ! ఇక్కడ్నుంచయితే సంతబొమ్మాళిలో బండి మారాల," అన్నాడు. షేరింగ్ ఆటోలు రెండు మారితే డెబ్భై రూపాయలైంది. రెండో ఆటోలో సగం దూరం నేనొక్కదాన్నే. పక్కన ఉప్పు మళ్ళు, తెల్లటి కుప్పలు, ఎండ.

"ఎవులింటికండీ?" అన్నాడు ఈ ఆటో అతను.

"నా ఫ్రెండు ఇంటికి. చేపల ఎర్రమ్మ."

"సుట్టాలు కారా? మా ఊరికి సేపలకోసం వస్తారు, సముద్రం సూడ్డానికొస్తారు. మడిసిని సూడ్డానికొచ్చినోళ్ళని ఇదే సూడ్డం," అని నవ్వాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

దిగేసరికి పదకొండు కావస్తోంది. ఇసుక మీద పాత వలలు పరిచి, వాటినిండా నెత్తళ్ళు ఎండబోశారు. ఆటో అతను చూపించినామె ఒక చేత్తో మోకాలు పట్టుకుని వంగి, చీపురుతో వాటిని తిరగేస్తోంది. నేను "ఎర్రమ్మక్కా" అన్నాను. ఆమె తలెత్తి, "రాయే సెల్లీ, నీడకి పోయి కూకో. ఈ ఎండ పోతే మల్లీ దొరకదు," అని మళ్ళీ పనిలో పడింది. అదే గొంతు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాటాకుల పాక కింద గంటసేపు కూర్చున్నాను. ఇంత దూరం వచ్చినదాన్ని పలకరించడానికి ఆమెకు తీరికెప్పుడవుతుందా అని ఎదురుచూడడం తప్ప నాకు వేరే పనిలేదు.

పన్నెండు దాటాక వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, మూలనున్న క్యారేజీ మూత తీసింది. అన్నం, కవళ్ళ చేపల పులుసు. "మొకం పీక్కుపోయినాది. ముందు తిను," అని మొత్తం నా ముందు పెట్టేసింది. పొద్దుటినుంచి టీ తప్ప ఏమీ లేదేమో, ఆవురావురుమని తిన్నాను. నేను తింటుంటే ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని అంది: "ఒసే సెల్లీ, తిన్నావేటే? ఏటి కూరొండినావు?"

పక్కనే ఉన్న నా సంచిలో ఫోను టింగుమంది.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అక్కా, ఇది ఎవరికి పంపావు?"

"అందరికీని. అరవై మందున్నారు," అంది మామూలుగా. "మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు తట్ట నెత్తినెట్టుకుని టెక్కలి ఈదులన్నీ తిరిగినాను. పెతి గుమ్మంకాడా తిన్నావేటే అనడగాల. అడక్కుండా సేపలు కొనమంటే బాగుంటాదేటి? ఇప్పుడు నడవలేకున్నాను. కోడలు ఇది నేర్పినాది. ఒక్కపాలి సెప్తే అన్ని గుమ్మాలకీ ఎల్లిపోద్ది."

ఆమెకు చదువు రాదు. ఫోనులో పేర్లకు బదులు చేపల ఫొటోలున్నాయి. ఎవరు ఏ చేప కొంటే వాళ్ళకు ఆ చేప. నేనెవరో తెలుసా అని అడిగాను. "నెత్తళ్ళదానివి కావేటి?" అని వేలితో తెర జరిపింది. "నెత్తళ్ళోళ్ళు పదకొండు మందున్నారే. ఇందులో నువ్వు ఎవులివి?"

"నేను చెప్పినవన్నీ విన్నావా? నా ఆపరేషన్ సంగతి?"

"కొన్ని ఇంటాను, కొన్ని ఇనలేను. సేతులు తడిగా ఉంటాయి కదేటి." చప్పున నా మోచెయ్యి పట్టుకుంది. "ఆపరేసనా? ఎప్పుడే? ఇప్పుడు బాగున్నావా?"

బాగున్నానని చెప్పాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమె నన్ను మోసం చెయ్యలేదు, తన గుమ్మాలు తాను తిరిగింది, అంతే. అందులో ఒక గుమ్మంలో నేను రెండేళ్ళు తలుపు తెరుచుకుని కూర్చున్నాను. మూడింటి ఆటో అందుకుందామని లేచాను. ఆమె అప్పటికే మళ్ళీ ఎండలోకి వెళ్ళిపోయింది. దూరం నుంచే చీపురు పైకెత్తి ఊపింది.

తిరుగు రైల్లో చాలాసేపు నా మీద నేనే జాలిపడుతూ కూర్చున్నాను. తిలారు దాటాక, ఆ క్యారేజీ మూత ఆమె నా ముందే తీసిందని గుర్తొచ్చింది. అంటే అప్పటికి ఆమె తినలేదు. నాకు పెట్టింది ఒక మనిషి అన్నం, అదంతా నేనే తినేశాను. ఫోను తీసి, రెండేళ్ళుగా నేను పంపినవన్నీ పైకి జరుపుకుంటూ దొరికినవి దొరికినట్టు విన్నాను. నా కూరలు, నా జ్వరాలు, నా ఓనరుగారు. నువ్వు తిన్నావా అని నేను ఒక్కసారైనా అడిగింది వినబడలేదు. ఆ మోకాళ్ళ సంగతి ఈ రోజుదాకా నాకు తెలియదు. నాకంటూ ఒక మనిషి ఉందో లేదో చూద్దామని వెళ్ళాను గానీ, నేను ఎవరికైనా మనిషినయ్యానా అని ఆలోచించనేలేదు. చీపురుపల్లి దగ్గర "అక్కా, తిన్నావా?" అని అడిగి పంపాను. ఇది రాస్తున్నప్పటికి ఆమె ఇంకా వినలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు నౌపడాలోనే దిగండి. ఒడ్డున భోజనం దొరికే హోటలేదీ నాకు కనబడలేదు. క్యారేజీ కట్టుకుని వెళ్ళండి, ఇద్దరికి సరిపడా.