పాతర మీది బండ

ఆ రోజు పాతర బండ మీద ఎవరూ నిలబడలేదు. ఈ ఒక్క మాట నేను ఇన్నేళ్లు చెప్పలేదు. మా పెద్దమ్మ మాత్రం ప్రతి అక్టోబరులో, జపమాల నెలలో, గుడి ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, "ఆళ్ల చెప్పుల కిందనే పాడిన బిడ్డా, మరియ తల్లి ఆళ్ల చెవులు మూసింది" అని చెప్పేది. నేను వెనక నిలబడి వినేవాణ్ని. ఆ కథ ఆమెకు ఇచ్చింది నేనే.

నిజాం పాలనలో చివరి వానాకాలం అది. నకిరేకల్ వైపు మా ఊళ్లో మగవాళ్లు పగలంతా గుట్టల్లో ఉండేవారు. తుపాకుల మూక లారీలో వస్తోందని కబురందితే ఆడవాళ్లు ఎక్కడ జాగా దొరికితే అక్కడ దాక్కునేవారు. పెద్దమ్మ భర్త ఊరి ఉపదేశి. పూజ చెప్పే స్వాములవారు నెలల తరబడి రాని మా వాడకు జపాలు చెప్పించింది ఆయనే. ఆయన చనిపోయాక ఆ పని పెద్దమ్మ తన నెత్తిన వేసుకుంది. ఆమెకు ఒక్కతే కూతురు, నాకు చెల్లె, అప్పటికి చిన్నపిల్ల.

నేను పటేలు దగ్గర జీతం ఉండేవాణ్ని. ఆయన దొడ్డిలో జొన్నలు దాచే పాతర అప్పుడు ఖాళీ. భూమిలోకి తవ్విన గుంత, మూతికి బండ. మామూలుగా అయితే బండ తీసి, గాలి ఆడనిచ్చి, దీపం దించి చూస్తాం. దీపం ఆరితే మనిషి దిగడు. ఆ రోజు దీపానికి వ్యవధి లేదు. లారీ చప్పుడు వినగానే పెద్దమ్మ కూతురితో దిగింది.

"జర సందు ఉంచురా. ఆళ్లు పోంగనే బండ తియ్యి."

"తీస్త పెద్దమ్మా. నేనీడనే ఉంట."

సందు కోసం చిన్న రాయి పెట్టి, పైన చొప్ప కప్పి, పక్కనున్న జొన్న చేలోకి పాకాను.

వాళ్లు దొడ్డిలోకి రానేలేదు. పటేలు ఇంటి ముందు అరిచారు, కోళ్లు పట్టుకున్నారు, పోయారు. లారీ చప్పుడు దూరమై పూర్తిగా ఆగిపోవడం చెవులారా విన్నాను. లేవాలనుకున్నాను. కాళ్లు రాలేదు. జొన్న ఆకు కదిలినా బూటు చప్పుడే అనిపించింది.

పాతరలోంచి మంగళవార్త జపం సన్నగా వినిపిస్తోంది. మొదటి సగం పెద్దమ్మ, రెండో సగం చెల్లె. కొంతసేపటికి చెల్లె గొంతు ఆగిపోయింది. రెండు సగాలూ పెద్దమ్మే చెప్పుకుంటోంది. అప్పుడు కూడా లేవలేదు. మట్టిలో మొహం పెట్టి పడుకున్నాను.

తర్వాత ఆమె పాట ఎత్తుకుంది. మరియమ్మ పండుగకు పాడే పాట, పండుగనాడు పాడినంత గట్టిగా. అప్పుడు లేచాను. వాళ్లను కాపాడాలని కాదు. పాట విని ఆ లారీ తిరిగొస్తుందని భయపడి, ఆమె నోరు మూయించడానికి లేచాను.

బండ జరిపితే చెల్లె తల్లి ఒడిలో వాలిపోయి ఉంది. పైకి లాగి పడుకోబెడితే చాలాసేపటికి గట్టిగా ఊపిరి పీల్చి ఏడ్చింది. పెద్దమ్మ చెమటలో తడిసి, వణుకుతూ, నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది.

"గింతసేపు ఏమైందిరా?"

"బండ మీదనే నిలబడ్డరు పెద్దమ్మా. కదలలె."

ఆమె అక్కడే మోకరించి దండం పెట్టింది.

తర్వాత కరువొచ్చింది, ఆమె గుడిసె కాలింది, చూపు మందగించింది. ఆ నవ్వు మాత్రం పోలేదు. నిజం చెబితే పోతుందేమోనని చెప్పలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అసలు సంగతి, నేనింకా ఆ చేలోనే పడుకుని ఉన్నాను.

మొన్నటి జపమాల నెలలో వెళ్లాను. పెద్దమ్మ చేటలో కందులు తడిమి రాళ్లు ఏరుతోంది. అంతా చెప్పాను. ఆమె వేళ్లు ఆగాయి.

"దొంగ సచ్చినోడా! ఇన్నేండ్లు పిల్లలకు నాతోని అబద్ధం చెప్పిచ్చినవా?"

"నీ సంతోషం పోతదేమోనని..."

"నా సంతోషం ఆళ్ల చెప్పులల్ల ఉన్నదారా? పొల్ల పలుకుడు ఆపినంక ఇగ నాతోని ఏం కాదని తెల్సింది. దాన్ని ఆ తల్లి చేతుల్ల పెట్టిన. భయం పోలె. గని భయం పక్కన ఇంకోటొచ్చి కూసున్నది. అది ఇయ్యాల్టిదాంక లేచిపోలె." మళ్లీ కందుల్లో చెయ్యి పెట్టింది. "నాకు చెప్పినవ్ సరే. దానికి చెప్పినవా? చలికాలం గూడ తలుపేసుకొని పండదు అది."

చెల్లె ఇల్లు అదే వాడలో ఉంది. వాకిట్లో గిన్నెలు తోముతోంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. నన్ను చూసి, "ఏందన్నా, చాయ తాగుతవా?" అని లేవబోయింది.

"కూసో చెల్లే. ఆ దినం బండ మీద ఎవ్వరు లేరు. ఆళ్లు ఎప్పుడో పోయిండ్రు. నీ గొంతు ఆగింది నాకు ఇనవడ్డది. ఇనుకుంటనే పండిన. భయమై లేవలె. తప్పయింది చెల్లే, నన్ను మన్నించు."