కంచంలో ఎడమవైపు

నాకు డాక్టరేట్ వచ్చేసింది! ఇందాకే. మౌఖిక పరీక్ష అయిపోయాక తలుపు బయట నిలబెట్టి, కాసేపటికి మళ్లీ లోపలికి పిలిచి, "అభినందనలు, డాక్టర్" అన్నారు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. అందరూ నవ్వారు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ మెట్టు ఎక్కినవాళ్లు లేరు మరి. ఉద్యమం రోజుల్లో మొదలుపెట్టిన చదువు ఇది. తెలంగాణ నాకంటే ఎంతో ముందే పాసైంది, నేనే వెనకబడ్డాను.

నా పరిశోధన కళ్ల కదలికల మీద. చూపు నీళ్లలా పారదు, పిచ్చుకలా గెంతుతుంది. ఒకచోట వాలి, లేచి, ఇంకోచోట వాలుతుంది. అది ఎక్కడ వాలిందో, ఎక్కడ అసలు వాలలేదో మా ల్యాబులోని కెమెరా పట్టుకుంటుంది. కళ్లకు ఎదురుగా ఉన్నా మనసు అటు పోకపోతే ఆ వస్తువు మనకు లేనట్టే. ఈ మాట పుస్తకంలో చదివిన రోజు గబగబా పేజీ తిప్పేశాను. దాని బరువు తెలిసింది మా ఇంట్లో, అన్నం దగ్గర.

అప్పుడు నేను ల్యాబులో కొత్తగా చేరాను. తెలంగాణ కోసం సమ్మె మొదలై యూనివర్సిటీ మూతపడింది. బాపుకు, అంటే మా నాన్నకు, అంతకు కొన్ని వారాల ముందే పక్షవాతం వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మనిషి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి మానుకోటలో ఇంటికి చేరాడు. నేను రైలెక్కితే పట్టాల మీద జనం కూర్చుని ఉండటంతో అది జనగామలోనే ఆగిపోయింది. డిగ్రీ చదివేటప్పుడు నన్ను ఇంట్లో ఉంచుకున్న చిన్నమ్మ ఉండేది అక్కడే. ఆ పూట ఆమె దగ్గర ఆగి, మర్నాడు దొరికిన బండినల్లా పట్టుకుని ఇల్లు చేరాను.

బాపు చిక్కి సగమయ్యాడు. "బాగా తింటేనే కాళ్లల్ల బలమొస్తదని దవాఖానల చెప్పిండ్రు" అని అవ్వే, మా అమ్మే, చెప్పింది. మరి తినడంలేదా అని అడిగితే మాత్రం ఆమె మొహం వెలిగింది.

"తింటున్నడు బిడ్డా. తినుకుంట నాకు గూడ ఉంచుతున్నడు."

మా ఇంట్లో ఒక పద్ధతి. బాపు తిన్న కంచంలోనే అవ్వ తినేది. మాంసం వండిన రోజు బాపు ముక్కలను ఓ పక్కకు జరిపి లేచేవాడు. ప్రేమగా ఒక్క మాట అనే మనిషి కాదు. ఆ ముక్కలే మాట. ఇప్పుడేమో కంచంలో సగానికి సగం వదిలేస్తున్నాడు, అన్నంతో సహా, కూరతో సహా. పక్కింటి చాచి, బట్టలు కుట్టే ఆవిడ, గోడ మీదినుంచి అవ్వను ఏడిపించేది.

"క్యా బాత్ హై అక్కా! ముసలాయనకు గిప్పుడు మొహబ్బత్ పుట్టిందా? మా ఆయన అయితే గిన్నె గూడ నాకి పెడతడు."

"నీ నోట్ల మన్నువడ" అని అవ్వ తిట్టేది. సిగ్గుతో నవ్వేది.

నేనూ నమ్మాను. గడ్డం గీసుకుంటే ఎడమ చెంప మీద వెంట్రుకలు అలాగే ఉండేవి. ఎడమ చెయ్యి రాదు కదా అనుకున్నాం. ఎడమ పక్కన నిలబడి పిలిస్తే పలికేవాడు కాదు. పరధ్యానం అనుకున్నాం.

ఓరోజు మా వాడకట్టు మొత్తం రోడ్డు మీద వంటావార్పు పెట్టింది. ఉద్యమంలో అదొక నిరసన. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. బాపును కుర్చీలో తీసుకుపోయి, ముందు బల్ల వేసి విస్తరాకు పరిచారు. నడుమ అన్నం, ఎడమ అంచున వంకాయ కూర, కుడివైపు పప్పు. అవ్వ వడ్డించేవాళ్లలో ఉంది. నేను బాపుకు ఎదురుగా కూర్చున్నాను.

"కూర వెయ్యలేదేందిరా?" అన్నాడు బాపు.

"ఏసినం గద కాకా! గాడనే ఉన్నది, సూడు" అన్నాడు వడ్డించే అన్న.

బాపు కుడివైపు చూశాడు. పప్పు చూశాడు. ఇంకా కుడికి, బల్ల అంచు దాకా చూశాడు. పప్పుతోనే తిని చెయ్యి కడగమన్నాడు. విస్తరాకు నడిమధ్య గీత గీసినట్టు సగం ఖాళీ, సగం నిండుగా ఉంది.

"ఏం కాకా, సగమే తింటివి? సగం తెలంగాణ ఇస్తే సాలా నీకు?"

"ఈయనను ఢిల్లీకి తోలకుండ్రిరో! సగానికే ఒప్పుకోని వస్తడు!"

అందరూ పడీపడీ నవ్వారు. బాపుకు ఏం అర్థం కాక వాళ్లతోపాటు నవ్వాడు. అవ్వ కూడా నవ్వబోయి ఆగింది. కంచమైతే వెనక ఆమె తింటుంది. విస్తరాకు పారేసేదే కదా, అందులో ఎవరికని ఉంచాడు?

బాపు కళ్లనే చూస్తూ ఉండిపోయాను. అవి ముక్కు దాటి ఎడమకు ఒక్కసారి కూడా గెంతలేదు.

ఇంటికి రాగానే హైదరాబాద్‌లో మా ల్యాబు మేడంకు ఫోన్ చేశాను. "కళ్లు బాగానే ఉండి ఉంటాయి. దెబ్బ తగిలింది మెదడులో కుడివైపు. అందుకే ఆయన లోకంలో ఎడమవైపు లేదు. ముందు కంచం తిప్పి చూడు, దారులు తెరుచుకోగానే డాక్టర్‌కు చూపించు" అందావిడ.

మరుసటి పూట బాపు సగం తిని చెయ్యి తీశాడు. నేను కంచాన్ని పట్టుకుని తిప్పాను. ఎడమది కుడికి వచ్చింది.

"ఇంకింత ఏసినవా? మంచిదాయె. కడుపు నిండకపాయె, అడుగుదామంటే మీకు తక్కువైతదేమోనని ఊకున్న" అని ఆత్రంగా తిన్నాడు. మెతుకు మిగల్చలేదు.

అవ్వ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. మెల్లగా చెప్పాను, ఆయనకు అటువైపు తెలియడం లేదని.

"గట్లయితే నాకోసం ఉంచలేదన్నట్టు" అందామె. "గిన్నొద్దులు ఆయన ఆకలి నేను తిన్ననా, బిడ్డా?"

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లోపల బాపు "మంచినీళ్లు తేవే" అని కేకేస్తున్నాడు.

ఆ రోజు నుంచి అవ్వ వేరే కంచం తీసుకుంది. బాపు కంచంలో ఎడమ అంచున ఒక ఎండుమిరపకాయ పెట్టేది. ఎడమ పక్కనే కూర్చునేది. "మిరపకాయ ఏడున్నది? నువ్వు సూపెట్టేదాక నేను తిన" అనేది. బాపు విసుక్కునేవాడు, తిట్టేవాడు, మెడ కొంచెం తిప్పి ఆగిపోయేవాడు. "ఇంకింత. ఇంకింత రా" అని ఆమె పిలిచేది. సమ్మె ముగిసి నేను ల్యాబుకు బయలుదేరే ముందు ఒకరోజు ఆయన చూపు ఆ ఎరుపు మీద వాలింది. వేలితో ముట్టుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు పక్కన కూర్చున్న ఆమెను కూడా, పిలవకుండానే, చూశాడట. ఆ సంగతి ఆమె ఫోన్‌లో చెబుతూ ఏడ్చింది.

నా సిద్ధాంత గ్రంథం అచ్చంగా దాని మీదే, పక్షవాతం తర్వాత పోయిన చూపు ఎడమకు తిరిగి వచ్చే దారి మీద. ఇప్పటికీ బాపుకు అలసటగా ఉన్న రోజు ఎడమవైపు జారిపోతుంది. అవ్వ ఇప్పటికీ అటే కూర్చుంటుంది.

ఇంకా ఫోన్ చెయ్యవలసినవాళ్లు:

జనగామ చిన్నమ్మ. ఏడుస్తుంది, తర్వాత జీతమెంతని అడుగుతుంది.

పక్కింటి చాచి. ఆమెకు చెబితే వాడకట్టంతా చెప్పినట్టే. కాబట్టి అవ్వకు చెప్పాకే.

భూపాలపల్లిలో బాపుతో బాయి దిగిన కాక. పడిపోయిన రోజు బాపును ఎత్తుకుని పైకి తెచ్చింది ఆయనే.

అవ్వ. ఇప్పుడు బాపుకు అన్నం పెట్టే వేళ, ఫోన్ ఎత్తదు. ఆయన తినడం అయ్యాక.

బాపు. అవ్వ ఫోన్‌లోనే. కుడి చెవికి పెట్టమనాలి.