గది ఉంటే సరా?

2012 మార్చి 14 నాటికి నదియా జిల్లాలోని ఆ ఊళ్ళో మరుగుదొడ్డి లేనివిగా తేలిన ఇళ్ళు నలభై ఒకటి. నలభై రెండోదిగా ముసలి ఖీరోదబాల ఇల్లు చేరబోయింది. లెక్క రాస్తున్న ఆరోగ్య కార్యకర్త నిభారాణి వాకిట్లో నిలబడి, ఆమెను పిన్ని వరసన పిలిచి అడిగింది.

“మాషీ, బాత్రూమ్ అయిందా?”

“ఎక్కడమ్మా! నిన్నటినుంచీ కాలేదు.”

“అర్జీ పెట్టకపోయావా?”

“ఎవరికి పెట్టను, కాళీమాతకా?”

నిభారాణి నవ్వుకుంటూ ‘లేదు’ అని రాసి పెరటిదారిన వెళ్ళబోయింది. అక్కడ కొత్త రేకు తలుపుతో మరుగుదొడ్డి కనిపించింది.

“మరి ఇదేమిటి మాషీ?”

“గది ఉంటే సరా? చుక్క రావద్దూ?”

ముసలామె పొత్తికడుపు పట్టుకొని వంగి కూర్చున్న సంగతి నిభారాణి అప్పుడు గమనించింది. ఆ ఊళ్ళో గదినీ మూత్రాన్నీ కూడా ‘బాత్రూమ్’ అనే అంటారని పుట్టినప్పటినుంచీ తెలిసినా, చేతిలో కాగితం ఉన్నంతసేపూ ఆమెకు గదే వినిపించింది. వెంటనే రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గొట్టం వేస్తేగాని మూత్రం రాలేదు.

మరుసటి వారం నిభారాణి ఆ నలభై ఒక్క ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి, ముందు ఒంట్లో ఎలా ఉందని, తరువాత పెరట్లో ఏముందని విడివిడిగా అడిగింది. మూడో ఇంట్లో కొత్త కోడలు, అత్తగారు లోపలికి వెళ్ళేదాకా ఆగి, మొదటి ప్రశ్న మళ్ళీ అడగమంది.