చిలక తొర్ర దాకా

ప్యూర్టోరికో అడవిలో చిలకలు చూపిస్తానన్న ముసలి గైడు, కారు దగ్గరే మా ఫోన్లు తీసుకుని రేకు డబ్బాలో పెట్టి తాళం వేశాడు. "మనిషి తేడాగా ఉన్నాడు, బ్యాగ్ జాగ్రత్త," అని మా ఆవిడతో తెలుగులో అన్నాను. పైగా మమ్మల్ని ముందు నడవమని, తను వెనకే వచ్చాడు.

ఒక చెట్టు తొర్రలోంచి పచ్చటి చిలక తల బయటపెట్టింది. మా ఆవిడ ఊపిరి బిగబట్టి చూసింది. నేను మాత్రం వెనక్కి తిరిగి గైడునే చూస్తూ ఉన్నాను.

కారు దగ్గర ఫోన్లు తిరిగి ఇస్తూ అన్నాడు, "ఫొటోతో పాటు లొకేషన్ కూడా వెళ్లిపోతుంది సార్. ఒకాయన ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఆ వారమే ఎవరో వచ్చి చిలక పిల్లల్ని ఎత్తుకుపోయారు."

"మరి మమ్మల్ని ముందెందుకు నడిపించారు?"

"దారిలో గుర్తులు పెడతారేమోనని. మీ చేతులే చూస్తూ వచ్చాను."

అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో ఫ్రెండ్స్ ఆ చిలక ఎలా ఉందని అడిగితే, ఇప్పటికీ మా ఆవిడే చెబుతుంది.